తెలిసినవాడు ఎందుకు చెప్పాలి?

జేమ్స్ సురోవికీ రాసిన ‘ది విజ్డమ్ ఆఫ్ క్రౌడ్స్’ 2004లో వచ్చింది. మేనేజర్ల టేబుళ్ళ మీద ఎక్కువగా, సాహిత్యం చదివేవాళ్ళ దగ్గర తక్కువగా కనిపించే పుస్తకం. ఉద్యోగులందరి అంచనాలూ కలిపితే కంపెనీ రేపటిని ముందే పసిగట్టొచ్చు, ముప్పు తప్పించుకోవచ్చు అనే మాట మీటింగుల్లో ఎప్పుడు వచ్చినా ఈ పుస్తకం పేరు వెనకాలే వస్తుంది. హాయిగా చదివిస్తుంది. కానీ పాడేరు కాఫీ తోటల్ని మనసులో పెట్టుకుని చదివితే ఇందులో ఒక ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ గురించే ఈ వ్యాసం.

పుస్తకం ఒక ఎద్దుతో మొదలవుతుంది. 1906లో ఇంగ్లండులోని ప్లీమత్‌లో పశువుల ప్రదర్శన. ఎద్దుని కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో చెప్పాలని పోటీ. టికెట్ ఆరు పెన్నీలు. ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 చీటీల సగటు తీస్తే 1,197 పౌన్లు వచ్చింది. అసలు బరువు 1,198. గాల్టన్‌కి మామూలు జనం తెలివి మీద పెద్ద నమ్మకం లేదు. కథలో మజా అదే.

ఈ లెక్క కుదరాలంటే నాలుగు షరతులుండాలంటాడు సురోవికీ. మనుషులు రకరకాలుగా ఆలోచించాలి. ఒకరి మాట చూసి ఇంకొకరు చెప్పకూడదు. ఎవరి చోటు సంగతి వాళ్ళకి తెలిసుండాలి. అన్నిటినీ కలిపి ఒక్క అంకెగా తేల్చే పద్ధతి ఉండాలి. కంపెనీల్లో ఆ పద్ధతిగా ఆయన చూపించేది పందెం బజారు. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో 1990లలో కొద్దిమంది ఉద్యోగులు అమ్మకాల అంకెల మీద చిన్నచిన్న మొత్తాలతో పందెం కాస్తే, కంపెనీ అధికారిక అంచనా కన్నా ఆ బజారు చెప్పిందే ఎక్కువసార్లు నిజానికి దగ్గరగా వచ్చింది.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 2005లో, గూగుల్ కూడా లోపల ఇలాంటి బజారు నడిపింది. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలకి రెండు సంగతులు కనిపించాయి. ఉద్యోగులు కంపెనీకి మంచే జరుగుతుందన్న వైపు ఒరుగుతున్నారు. పక్కపక్కన కూర్చునేవాళ్ళ పందేలు ఒకే తీరుగా ఉంటున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేం లేదు. ప్లానింగ్ పోకర్‌లో అందరం ఒకేసారి కార్డు తిప్పాలన్న నియమం ఎందుకుంది? ఒకరి అంకె ఇంకొకరికి అంటకుండా. కానీ కార్డులు తిప్పే ముందు మేనేజర్ నవ్వుతూ ‘ఇది రెండు రోజుల పనే కదా’ అన్నాడంటే ఆ ఆట అక్కడితో అయిపోయినట్టే. ఎనిమిది కార్డు చేతిలో ఉన్నవాడు కూడా మూడే చూపిస్తాడు.

సురోవికీకి ఇది తెలియక కాదు. పైవాడికి ఇష్టమైన మాటే కింది నుంచి పైకి వెళుతుందని ఆయనే రాస్తాడు. అయితే దానికి మందు మళ్ళీ బజారే అంటాడు. నాకు పేచీ ఇక్కడే. ఆయన మురిసిపోయి చెప్పే ఛాలెంజర్ ఉదాహరణే చూడండి. 1986 జనవరి 28న అంతరిక్ష నౌక పేలిపోయింది. కారణం అధికారికంగా తేలకముందే, ఆ రోజే, స్టాక్ మార్కెట్లో మోర్టన్ థయోకోల్ షేరు మిగతా కంపెనీల కన్నా బాగా పడిపోయింది. తప్పు చివరికి వాళ్ళ రాకెట్‌లోని రబ్బరు రింగులదేనని తేలింది. జనానికి ఎంత తెలివో చూశారా అంటాడు రచయిత. కానీ ముందు రోజు రాత్రే అదే కంపెనీ ఇంజనీర్లు ఈ చలిలో ఎగరేయొద్దని మొత్తుకున్నారు. పైవాళ్ళు వాళ్ళ మాట పక్కన పెట్టారు. తెలిసినవాళ్ళున్నారు, చెప్పారు కూడా. ఏడుగురు చనిపోయాక షేరు ధరకి తెలిసిన సంగతి ఎవరికి పనికొచ్చింది?

ఇప్పుడు పాడేరుకి వద్దాం. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే ఎగబాకే మిరియాల తీగ, ఎక్కువగా ఎకరం రెండెకరాల ఆదివాసీ కుటుంబాల తోటలు. పంట ఎంతొస్తుందో కాఫీ బోర్డు ఏటా రెండుసార్లు అంచనా వేస్తుంది, పూత అయ్యాక ఒకసారి, వానలు అయ్యాక ఇంకోసారి. ఏ కొండవాలులో పూతవాన తప్పిందో, ఏ తోటలో పిందె రాలిందో ముందు చూసేది మాత్రం రోజూ తోటలోకి వెళ్ళే మనిషే. సురోవికీ మూడో షరతుకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కానీ 2025లో ఏమైంది? అరకు వైపు తోటల్లో బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు బయటపడింది. అది పక్క తోటలకి పాకకుండా ఆపాలంటే పురుగు పట్టిన కాయలన్నీ కోసి నాశనం చేయాలి. శాస్త్రం ప్రకారం అదే సరైన పని. రైతు వైపు నుంచి చూడండి. కాయ మీద చిన్న కన్నం ముందుగా చూసిన మనిషే ముందుగా పంట పోగొట్టుకుంటాడు. పరిహారం ఇస్తామన్నారు, నిజమే. కానీ ఆ మాట పురుగు కనిపించాక వచ్చింది. కాయని ఇంకా చూడని రైతుకి ‘చెబితే నాకేమవుతుంది’ అన్న ప్రశ్నకి ముందుగా జవాబు లేదు. ప్లీమత్‌లో తప్పు చెప్పినవాడికి పోయింది ఆరు పెన్నీలు. ఇక్కడ నిజం చెప్పినవాడికి పోయేది ఏడాది పంట.

సంత ధర ఉంది కదా, అదే అందరి అంచనా కదా అనొచ్చు. ఏజెన్సీలో షావుకారు ముందే అప్పిచ్చి, పంటని తన రేటుకే తూయించుకోవడం పాత కథ. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది ఆ పట్టు వదిలించడానికే. అప్పులో ఉన్నవాడు చెప్పే ధర వాడిది కాదు. అంకె తేలుతుంది. అందులో తోటవాడి మాట మాత్రం ఉండదు.

అందుకే ఆ నాలుగు షరతులకి ముందు ఇంకొకటి రాయాలి: చెప్పినందుకు వచ్చే నష్టం చెప్పినవాడొక్కడే మోయకూడదు. అది లేకపోతే మిగతా నాలుగూ గణితంగానే మిగులుతాయి. సురోవికీ బజారులో ఎవరు ఏ పందెం కాశారో బయటపడదు, కాబట్టి చెప్పినవాడికి కొంత రక్షణ ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ఎకరం తోటలో పేరు దాచుకోవడం ఎలా? కన్నం పడిన కాయ ఎవరి చెట్టుదో ఊరంతటికీ తెలుసు.

పుస్తకం చదవండి. లెక్క ఎలా కుదురుతుందో ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు తక్కువ. చదివాక మీ ఆఫీసులో కొత్త అంచనాల టూల్ పెడదామని ఎవరైనా అంటే, ముందు ఒక ప్రశ్న అడగండి: కిందటిసారి ‘ఇది టైముకి అవ్వదు’ అని ముందే చెప్పినవాడికి అప్రైజల్‌లో ఏమైంది? పాడేరులో ఆ ప్రశ్నని ఇంకోలా అడగాలి: పురుగు కనిపించిందని చెప్పిన రైతుకి కిలోకి ఎంతిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో, పూత రాకముందే ఊరూరా చెప్పారా?