వంత మారినప్పుడు

బుర్రకథ మీద మనం రాసుకున్న విమర్శలో ఎక్కువ భాగం కథకుడి మీద రాసిన విమర్శే. కథకుడి గొంతు, కథకుడి అడుగు, కథకుడు జనాన్ని ఏడిపించిన తీరు, నవ్వించిన తీరు. కాని వేదిక మీద నిలబడేది ముగ్గురు. నడుమ భుజాన తంబురా, చేతికి అందెలతో కథకుడు. రెండు పక్కలా డక్కీలతో ఇద్దరు వంతలు. ముగ్గురిలో ఇద్దరి గురించి చెప్పడానికి మనకేమీ లేకపోవడం కళలో లోపమా, విమర్శలో లోపమా? విమర్శలో లోపమేనని నా అభిప్రాయం. ఈ లోపం బాగా బయటపడే సందర్భం ఒకటుంది. జనం ఏళ్లతరబడి ప్రేమించిన వంత తప్పుకొని, ఆ చోట కొత్తవాడు నిలబడే సందర్భమది.

ముందు మన భాషనే చూద్దాం. ఆలోచన లేకుండా ఒకడి మాటకు ఒప్పుకునేవాణ్ణి ‘వంత పాడుతున్నాడు’ అంటాం. అధికారంలో ఉన్నవాడికి సాగిలపడితే ‘తాళం వేస్తున్నాడు’ అంటాం. గొప్పలు చాటుకుంటే ‘డప్పు కొట్టుకుంటున్నాడు’ అంటాం. లయను మోసేవాడి పనులన్నీ తెలుగులో తిట్లయ్యాయి. ఇది యాదృచ్ఛికం కాదు. చర్మ వాద్యాన్ని చేసిన చేతులను, మోగించిన చేతులను ఊరి చివర ఉంచిన సమాజం, ఆ వాద్యానికి నుడికారంలోనూ ఊరి చివరి చోటే ఇచ్చింది. అదే నుడికారాన్ని మనం అభ్యుదయ వ్యాసాల్లో కూడా ఏ ఆక్షేపణా లేకుండా వాడుతున్నాం.

బుర్రకథ చరిత్ర మాత్రం వేరే మాట చెబుతుంది. దీనికి మూలమైన జంగం కథలో కథకుడికి వంతగా తరచు ఇంటి ఆడవాళ్లే నిలిచేవారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడి, ఈ రూపాన్ని చేతిలోకి తీసుకున్న తరువాత వంతల స్థానం మారింది. ఒక వంత హాస్యం చెప్పాడు, రెండో వంత రాజకీయం చెప్పాడు. కథకుడు పాత యుద్ధం చెబుతుంటే, ఆ యుద్ధానికీ నేటి కరువుకూ ఉన్న సంబంధం విప్పి చెప్పే బాధ్యత వంతది. అంటే విమర్శకుడి పాత్ర వేదిక మీద వంతకే దక్కింది! అయినా నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చినప్పుడూ, మిరియాల అప్పారావుకు 2025లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించినప్పుడూ మనం సంతోషించామే గాని, ఆ కథకుల కుడి ఎడమల నిలిచినవాళ్ల పనిని అంచనా కట్టే ప్రయత్నం చేయలేదు. పురస్కారం ఒక పేరుకే వస్తుంది. అది దాని పరిమితి. విమర్శకు ఆ పరిమితి ఎందుకు?

ఇక నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి.

మాది బండారులంక. మగ్గాల ఊరు. పగలంతా పలక దెబ్బలు వినే చెవులు కాబట్టి మా వాళ్లకు లయ తప్పితే ఇట్టే తెలుస్తుంది. నేను కుర్రవాడుగా ఉన్నప్పుడు ఏటా మా వీధిలో కథ చెప్పే దళం ఒకటుండేది. అందులో హాస్యం వంత అంటే ఊరంతటికీ ప్రాణం. కథకుడు ఊపిరి తీసుకునే క్షణంలో ఆయన డక్కీ మీద వేసే ఒక్క దెబ్బకు జనం నవ్వేవారు, ఇంకా మాట రాకముందే. ఒక ఏడు ఆయనకు జబ్బుచేసి, మా ఊరి నేతపని కుర్రాణ్ణే ఆ చోట నిలబెట్టారు. కుర్రాడు తాళం తప్పలేదు. కాని పాతాయన ఆగేచోట ఆగలేదు. జనం ఈలలు వేశారు. నేను ఒక చిన్న పత్రికకు సమీక్ష రాస్తూ, ‘పాత వంత లేని ఈ కథ కథ కాదు’ అని తీర్పు చెప్పాను. అది ఊళ్లో చేతులు మారింది. ఆ మరుసటేడు కుర్రాడు డక్కీ పట్టలేదు.

ఆ సమీక్ష చదివిన మా వీధి నేతగాడు ఒకాయన నన్ను పిలిచి అడిగాడు: “ఏవయ్యా, సగం నేసిన పడుగు మీద ఇంకొకడు కూర్చుంటే ఏమవుద్ది?”

ఏమవుతుందో నాకు తెలుసు. చెయ్యి మారితే పలక దెబ్బ మారుతుంది. దెబ్బ మారితే పేక పడే ఒత్తు మారుతుంది. గుడ్డ వెలుగుకు పట్టి చూస్తే చెయ్యి మారినచోట చార కనిపిస్తుంది. కొత్తవాడి చెయ్యి ఆ పడుగుకు అలవాటు పడటానికి కొంత నేత పడుతుంది. “ఆ కాస్త నేత చూసి కూలి కోసేవాడు షావుకారు. నువ్వెవరివి?” అన్నాడాయన. ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ వ్యాసం ఆ సమాధానమే.

ఈ సమస్య మన ఒక్కరిది కాదు. ఇంగ్లండులో కార్మిక కుటుంబాల పిల్లల చేతుల్లో పెరిగిన హెవీమెటల్ సంగీతాన్ని చూడండి. చెవులు చిల్లులు పడే మోత అని మనం తోసిపుచ్చే ఆ సంగీతంలో డ్రమ్ము వాయించేవాడే మొత్తం బరువు మోస్తాడు. 1975లో లండన్‌లో మొదలైన ఐరన్ మెయిడెన్ దళంలో 1982 చివర క్లైవ్ బర్ స్థానంలో నికో మెక్‌బ్రెయిన్ వచ్చాడు. బర్‌ను ప్రేమించినవాళ్లకు ఆనాడు మెక్‌బ్రెయిన్ పరాయివాడే. నలభై ఏళ్లు దాటాక, 2023లో పక్షవాతం వచ్చి, 2024 డిసెంబరులో బ్రెజిల్‌లోని సావో పాలోలో చివరి కచేరీ చేసి ఆయన పర్యటనల నుంచి తప్పుకున్నప్పుడు, ఆయన లేని దళాన్ని ఊహించలేమని జనం కంటతడి పెట్టారు. 2025 పర్యటనకు సైమన్ డాసన్ వచ్చాడు. మొన్న ప్రత్యామ్నాయంగా వచ్చినవాడే నిన్న అద్వితీయుడయ్యాడు. అద్వితీయత పుట్టుకతో రాదు. కాలం, సహచరులు, జనం కలిసి తయారుచేస్తారు.

డెఫ్ లెపర్డ్ దళం ఇంకో దారి చూపింది. అది ఉక్కు కర్మాగారాల ఊరైన షెఫీల్డులో పుట్టిన దళం. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో డ్రమ్మరు రిక్ అలెన్ ఎడమచెయ్యి పోయింది. వాళ్లు మనిషిని మార్చలేదు, వాద్యాన్ని మార్చారు. ఎడమచేతి పనిని ఎడమకాలితో చేయడానికి వీలుగా ఎలక్ట్రానిక్ డ్రమ్ములు అమర్చుకున్నాడు. దళం ఆగింది, ఎదురుచూసింది. 1986లో అతను మళ్లీ పెద్ద వేదిక మీద వాయించాడు. యంత్రంలో చెయ్యి పోయిన కార్మికుణ్ణి ఇంటికి పంపే సమాజంలో ఇది చిన్న విషయం కాదు.

మూడో ఉదాహరణ మనకు అన్నిటికన్నా ముఖ్యం. 1968లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన బ్లాక్ సాబత్‌ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నవాడు. అటువంటి దళం 2012లో తిరిగి కలిసినప్పుడు, తాను సంతకం పెట్టదగ్గ ఒప్పందం ఇవ్వలేదంటూ మొదటి డ్రమ్మరు బిల్ వార్డ్ బయట ఉండిపోయాడు. ఆయన ఆరోగ్యం సహకరించదని అవతలివాళ్లు అన్నారు. 2013 రికార్డు ఇంకొకరు వాయించారు. 2017లో వీడ్కోలు పర్యటన కూడా ఆయన లేకుండానే ముగిసింది. చివరికి 2025 జూలై 5న సొంత ఊళ్లో, ఓజీ ఆస్‌బోర్న్ చనిపోవడానికి పదిహేడు రోజుల ముందు, నలుగురూ ఒక్కసారి కలిసి వాయించారు. రికార్డు వినేవాడికి డ్రమ్ము చప్పుడు మారినట్టు వినిపిస్తుంది. ఆ మార్పు వెనక ఉన్న ఒప్పందం వినిపించదు. దాన్ని వినిపించడం విమర్శ పని.

ఈ విషయంలో రెండు తప్పుడు వైఖరులున్నాయి. మొదటిది, ‘ఆయన పోతే కళ పోయింది’ అనేది. వినడానికి భక్తిలా ఉంటుంది గాని, ఇది కళను వ్యక్తికి ఆస్తిగా రాసిచ్చే భూస్వామ్య భావన. కొత్తవాడికి ఊపిరి ఆడనివ్వదు. నేను చేసిన తప్పు ఇదే. రెండోది, ‘ఎవడు కొడితేనేం, తాళం తప్పకపోతే చాలు’ అనేది. ఇది మనిషిని యంత్రంలో మరగా చూసే యజమాని భావన. పాతవాడి ఇరవై ఏళ్ల శ్రమను ఒక్కమాటతో తుడిచేస్తుంది. ఇవి పైకి విరుద్ధంగా కనిపించినా రెండింటికీ మూలం ఒకటే: లయ అనేది ముగ్గురి మధ్య ఉన్న సంబంధమని గుర్తించకపోవడం. వంత మారితే కథకుడి ఊపిరి కూడా మారాలి. పాతాయన కోసం వదిలిన సందునే కొత్తవాడికీ వదిలి, అతను దాన్ని నింపలేదని నిందించడం అన్యాయం. ఆనాడు మా కథకుడు తన విరుపులు మార్చుకోలేదు. నేను ఆ సంగతి గమనించలేదు. గమనించే చూపే నాకు లేదు.

కాబట్టి దళంలో వంత మారినప్పుడు విమర్శకుడు మొదట అడగవలసింది పాతవాడు ఎందుకు వెళ్లాడని. జబ్బుతోనా, కూలి చాలకనా, మర్యాద దక్కకనా? తరువాత అతను కథకు ఏమి చేసేవాడో వివరంగా రాయాలి, పేరుతో సహా. ఆ తరువాతే కొత్తవాడి గురించి మాట్లాడాలి. అదీ ఒక్క రాత్రి కథ విని కాదు. మంచి చెడ్డలు చెప్పవద్దని నా ఉద్దేశం కాదు. చార కనిపిస్తే చార ఉందనే రాయాలి. కాని అది చేతిదో, పడుగుదో, పక్కవాడు వదలని సందుదో తేల్చి రాయాలి.

ఆ కుర్రాడు తరువాత చాలా ఏళ్లు మగ్గం మీదే పనిచేశాడు. వాళ్ల ఇంటి ముందునుంచి పోతున్నప్పుడల్లా పలక దెబ్బ వినేవాణ్ణి. ఎక్కడా తప్పేది కాదు. పాతాయన ఆగేచోట ఆగేది కాదు. తన చోట తాను ఆగేది. అది అతని లయ. ఆ సమీక్షలో నేను రాయవలసిన వాక్యం అదే.