ఇంటిపేరుకన్నా పాత దారి

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుని, ఫలితాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంట్‌లో ఉన్న తండ్రి కళ్లజోడు సర్దుకుని చదువుతాడు. తండ్రి వరుస: ఆర్‌1ఎ. పక్కన పటం, అందులో తూర్పు యూరప్ అంతా ముదురు రంగు. సాయంత్రానికల్లా "మన వంశం యూరప్ నుంచి వచ్చిందట" అన్న కబురు బాబాయిలకూ మేనత్తలకూ చేరిపోతుంది. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో తెలుసుకోకుండా ఊరేగిస్తే మాత్రం అది అబద్ధంగా మారుతుంది.

ఆ హద్దు ఎక్కడుందో తేల్చిన పరిశోధనలో చెప్పుకోదగ్గ భాగం తెలుగువాళ్ల రక్త నమూనాలతోనే జరిగింది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హబ్సిగూడలో దిగితే సీసీఎంబీ దగ్గరే. వంశాల చరిత్రను జన్యువుల్లో చదివే విద్యకు మన దేశంలో పెద్ద పీట వేసిన సంస్థ అది. కాబట్టి ఆ తండ్రికి సమాధానం సముద్రాల అవతల వెతకనక్కర్లేదు.

ముందు ఈ విద్య ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన క్రోమోజోములు దాదాపు అన్నీ ప్రతి తరంలో కలగలిసిపోతాయి. అమ్మ వైపు ముక్క, నాన్న వైపు ముక్క అతుక్కుని కొత్త కూర్పు తయారవుతుంది. వై క్రోమోజోము అలా కాదు. రెండు కొసల్లోని చిన్న భాగాలు తప్పిస్తే, తండ్రి నుంచి కొడుక్కి కలగలపకుండా దిగుతుంది. అందుకే కూతురు పరీక్ష చేయించుకుంటే తండ్రి వరుస గడి ఖాళీగా వస్తుంది. ఆమె తన నాన్ననో అన్ననో అడగాలి. ఈ క్రోమోజోములో సుమారు 6.2 కోట్ల అక్షరాలున్నాయి. ఒకే రకం ముక్కలు మళ్లీ మళ్లీ రావడం వల్ల దీన్ని చదవడం చాలా కష్టమైంది. మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా చదవగలిగింది 2023లోనే.

నకలు తీసేటప్పుడు అరుదుగా ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు ఆ కొడుకు సంతానంలోని మగవాళ్లందరికీ అందుతుంది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం ఊరూరా రాతప్రతులు తెప్పించి పోల్చి చూసినప్పుడు చేసిన పనీ ఇలాంటిదే. ఒక లేఖకుడి చేతి తప్పు ఏయే ప్రతుల్లో ఉందో చూస్తే, ఏది దేనికి నకలో తెలిసిపోతుంది. వై క్రోమోజోములో బాగా చదవగలిగిన భాగంలో ఇలాంటి అక్షర మార్పు సుమారు 80 నుంచి 120 ఏళ్లకు ఒకటి చొప్పున పడుతుంది. ఇద్దరి మధ్య ఎన్ని మార్పుల తేడా ఉందో లెక్కిస్తే, వాళ్ల ఉమ్మడి తాత ఎన్ని ఏళ్ల కిందటివాడో అంచనా వేయవచ్చు. ఇవి కాక, నాలుగైదు అక్షరాల పదం వరసగా పదిసార్లో పదకొండుసార్లో వచ్చే చోట్లు ఉంటాయి. అక్కడ లెక్క తొందరగా మారుతుంది కాబట్టి దగ్గరి చుట్టరికాలకు అవి పనికొస్తాయి. వేల ఏళ్ల కిందటి శాఖలకు మాత్రం అక్షర మార్పులే ఆధారం. ఆ శాఖలనే హాప్లోగ్రూపులంటారు. ఇంగ్లీషు అక్షరాలతో వాటికి పేర్లు పెట్టే పద్ధతి 2002లో స్థిరపడింది, ఇవాళ అవి ఏ నుంచి టీ దాకా ఉన్నాయి.

దక్షిణాదిలో, కోయలు మొదలుకొని ఎన్నో సమూహాల్లో విరివిగా కనిపించే శాఖ హెచ్. దీనికి హెచ్‌2 అనే దూరపు కొమ్మ ఒకటుంది. అనటోలియా నుంచి యూరప్‌కు వ్యవసాయం తీసుకెళ్లిన తొలి రైతుల ఎముకల్లో అది దొరికింది. అంటే 40 వేల ఏళ్ల కన్నా ముందే విడిపోయిన దాయాదుల్లో ఒకరి వారసులు గోదావరి ఒడ్డున నిలిచారు, మరొకరి వారసులు డాన్యూబ్ ఒడ్డుకు చేరారు. ఆర్‌1ఎ పటం చూసి మురిసిపోయే ఇళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పుకోరు. నాకైతే ఇదే ఎక్కువ ఆశ్చర్యం.

ఇక ఆర్‌1ఎ దగ్గరికి వద్దాం. 2001లో మైకేల్ బంషాద్ బృందం, ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రవేత్తలతో కలిసి విశాఖపట్నం జిల్లాలో తెలుగు మాట్లాడే ఎనిమిది కులాలకు చెందిన 265 మంది మగవాళ్ల నమూనాలు పరీక్షించింది. తల్లి వరుసలు (మైటోకాండ్రియా డీఎన్‌ఏ చెప్పేవి) ఆసియా వాళ్లకు దగ్గరగా ఉన్నాయి. తండ్రి వరుసలు మాత్రం యూరప్ వాళ్లకు, ముఖ్యంగా తూర్పు యూరప్ వాళ్లకు, దగ్గరగా కనిపించాయి. వర్ణక్రమంలో పై మెట్టుకు వెళ్లేకొద్దీ ఆ దగ్గరతనం పెరిగింది. పత్రికలు దాన్ని ఆర్యుల వలసకు రుజువుగా రాసేశాయి.

రెండేళ్లు తిరక్కుండానే మరో తెలుగు నమూనా ఆ తొందరకు అడ్డుపడింది. టూమస్ కివిసిల్డ్ బృందం 2003లో కోయల్నీ చెంచుల్నీ పరిశీలించింది. నల్లమలలో వేటతో, అడవి దుంపలతో, తేనెతో బతికిన చెంచుల్లో 26 శాతం మందికి ఆర్‌1ఎ ఉంది. పై కులాల గుర్తు అనుకున్నది అడవిలో కనిపించింది. అయితే ఈ శాఖ ఇక్కడే పుట్టి అటు వెళ్లిందేమో అన్నారు కొందరు. 2006లో సంఘమిత్ర సాహూ తదితరుల పత్రం కూడా బయటి నుంచి పెద్ద ఎత్తున వచ్చిందన్న వాదాన్ని ఒప్పుకోలేదు. ఇరుపక్షాలకూ ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఇవాళ బతికున్నవాళ్ల రక్తం చుట్టరికాన్ని చెబుతుంది, ప్రయాణం ఎటు నుంచి ఎటు జరిగిందో చెప్పదు. దానికి పాత ఎముకలు కావాలి.

ఎముక నుంచి డీఎన్‌ఏ తీయడం వేరే విద్య. చెవి లోపలి భాగాన్ని కాపాడే ఎముక శరీరంలో అన్నింటికన్నా గట్టిది, డీఎన్‌ఏ అందులోనే బాగా నిలుస్తుంది. పరిశోధకులు ఒళ్లంతా కప్పే దుస్తులు, మాస్కులు, రెండేసి చేతి తొడుగులతో శుభ్రమైన గదిలో ఆ ఎముకను గీకి పొడి తీస్తారు. వాళ్ల తుమ్ము తుంపర పడినా ఫలితం పాడవుతుంది. దొరికినది నిజంగా పాతదేనా అని తేల్చడానికి ఒక చక్కని ఆనవాలుంది. వేల ఏళ్లలో డీఎన్‌ఏ తునకల కొసల దగ్గర సైటోసిన్ అక్షరం క్షీణించి థైమిన్‌లా కనిపిస్తుంది. కొత్తగా అంటుకున్న డీఎన్‌ఏలో ఆ క్షీణత ఉండదు. కాలుష్యాన్ని పట్టించేది ఆ శిథిలతే. ఆపైన రేడియోకార్బన్ పరీక్షతో కాలం తేలుస్తారు.

ఈ పద్ధతితో 2015లో యూరప్ కథ తిరగబడింది. వేటగాళ్ల కాలంలో అక్కడ ఐ, సీ శాఖలు. తొలి రైతుల్లో ఎక్కువగా జీ2ఎ. ఇవాళ యూరప్ నిండా ఉన్న ఆర్‌1ఎ, ఆర్‌1బీలు 5 వేల ఏళ్ల కిందటి దాకా అక్కడ అరుదు. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల నుంచి పశుపాలకులు కదిలి వచ్చాకే అవి అక్కడ పరుచుకున్నాయి. అంటే ఐర్లాండ్ మగవాళ్లలో అత్యధికుల తండ్రి వరుస కూడా పరాయి చోటు నుంచి వచ్చినదే. ఆర్‌1ఎలో ఎం417 అనే కొమ్మ సుమారు 5,800 ఏళ్ల కిందట చీలింది. ఒక పాయ జడ్‌282, యూరప్‌లో పెరిగింది. రెండోది జడ్‌93, మధ్య ఆసియా మీదుగా మన వైపు వచ్చింది. 2019లో 523 మంది ప్రాచీనుల డీఎన్‌ఏతో వాగీశ్ నరసింహన్ తదితరులు వేసిన లెక్కలో, ఆ మైదానాల వారసత్వం దక్షిణాసియాకు చేరింది క్రీ.పూ. 2000-1500 మధ్య.

హఫీజ్‌పేట్ తండ్రికి జవాబు ఇక్కడుంది. ఆర్‌1ఎ జడ్‌93 ఉన్న తెలుగువాడు, జడ్‌282 ఉన్న పోలండ్‌వాడు దాయాదులు. వీళ్లలో ఎవరూ రెండోవాడికి తాత కాదు. మన వంశం ఇవాళ్టి యూరప్ వాళ్ల నుంచి దిగింది కాదు. రెండిళ్లకూ మూలమైన మనిషి మైదానాల్లో ఎక్కడో పశువులు కాసుకుని బతికి ఉంటాడు.

ఆ తాత కూడా ఎందరిలో ఒకడు! 20 తరాలు వెనక్కి వెళ్తే, అంటే సుమారు విజయనగర కాలానికి, మన వంశవృక్షంలో 10,48,576 గడులుంటాయి. ఒకే మనిషి చాలా గడుల్లో ఉంటాడు, మేనరికాలు ఎక్కువైన మన ఇళ్లలో మరీను. అయినా వై క్రోమోజోము చెప్పేది ఒక్క గడి గురించే. ఉదాహరణకు, పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ ప్రాచీన సమాధుల్లో మైదానాల వారసత్వం స్పష్టంగా ఉంది. అక్కడ పరీక్షించిన 44 మంది మగవాళ్లలో ఆర్‌1ఎ జడ్‌93 ఉన్నవాళ్లు ఇద్దరే. ఆ వారసత్వం అక్కడికి ఎక్కువగా ఆడవాళ్ల ద్వారా చేరిందన్నమాట. తండ్రి వరుస ఒక్కటే చూస్తే ఆ తల్లులు లెక్కలోకే రారు. హర్యానాలోని రాఖీగఢీలో 61 ఎముకల నమూనాలు వెతికితే పనికొచ్చే డీఎన్‌ఏ ఇచ్చింది ఒక్కరే. ఆమె స్త్రీ. సింధు నాగరికత గురించి ఆమె జన్యువులు ఎంతో చెప్పాయి, తండ్రి వరుస గురించి మాత్రం ఏమీ చెప్పలేకపోయాయి.

ఇంటిపేరూ గోత్రమూ వై క్రోమోజోము నడిచే దారిలోనే నడుస్తాయి. అందుకే ఒక గోత్రం వాళ్లందరిదీ ఒకటే శాఖ అయివుంటుందని చాలామంది నమ్ముతారు. కానీ దత్తత వెళ్లిన పిల్లాడికి ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, రక్తంలోని గుర్తు మారదు. మన పల్లెల్లో దత్తత ఎంత మామూలు విషయమో తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. ఫలితం గోత్రంతో కలవలేదని ఒక తల్లి శీలాన్ని శంకించే ఇల్లు ఉంటే, ఆ పరీక్ష చేయించుకోకపోవడమే మేలు.

యూరప్ మూలాలున్న మనుషుల్ని హైదరాబాద్ శాస్త్రవేత్తలు నిజంగానే పట్టుకున్న ఉదంతం వేరే ఉంది. ఉత్తరాఖండ్‌లో 5 వేల మీటర్ల ఎత్తున ఉన్న రూప్‌కుండ్ మడుగు చుట్టూ వందల అస్థిపంజరాలున్నాయి. సీసీఎంబీలో లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్ మొదలుపెట్టిన పని, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ, హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2019లో ప్రచురణ అయ్యింది. 38 మందిలో 23 మంది దక్షిణాసియా వాళ్లు, సుమారు క్రీ.శ. 800 నాటివాళ్లు. 14 మంది మాత్రం ఇవాళ్టి గ్రీసు, క్రీటు ప్రజలకు దగ్గరివాళ్లు, సుమారు 1800 నాటివాళ్లు. ఒకరు ఆగ్నేయాసియా మనిషి. వాళ్లు తిన్న తిండి కూడా ఎముకల్లో నమోదై ఉంది. చిరుధాన్యాల ఛాయ మొదటి గుంపులో ఉంది, మధ్యధరా గుంపులో దాదాపు లేదు. ఇదంతా మొత్తం జన్యుపటం, కార్బన్ కాలం, ఆహారం కలిపి చదివితే తేలింది. గోవాలో దొరికిన ఎముక జార్జియా రాణి కెటెవాన్‌దని చెప్పడానికి కూడా సీసీఎంబీ వాళ్లకు దొరికిన ఆధారం తల్లి వరుసే. యూ1బీ అనే ఆ శాఖ జార్జియాలో ఉంది. 1624లో షిరాజ్‌లో ప్రాణాలు వదిలిన ఆ రాణి అవశేషం 2021లో సొంత దేశం చేరింది.

లాల్జీ సింగ్ గురించి ఒక మాట. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము జాతిలో లింగ నిర్ణయ క్రోమోజోములను చదువుతూ ఆయన పట్టుకున్న డీఎన్‌ఏ వరుసతోనే మన దేశపు డీఎన్‌ఏ వేలిముద్ర పరీక్ష తయారైంది. 2009లో ఆయనా తంగరాజూ హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్‌తో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మందిని చదివి, మనలో దాదాపు అందరూ రెండు ప్రాచీన జనాల కలయిక అని చూపారు. 2013లో వచ్చిన లెక్క ప్రకారం ఆ కలయిక 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు సాగింది. తరవాత పెళ్లిళ్లు కులం గోడల లోపలికి ముడుచుకున్నాయి. కలయిక ముందు, గోడలు తరవాత. వంశగౌరవం కోసం ఈ పరీక్ష చేయించుకునేవాళ్లు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇది.

ఆ గోడల ఖరీదు ఆస్పత్రిలో తెలుస్తుంది. 2017లో పరిశీలించిన 260కి పైగా సమూహాల్లో 81, ఫిన్లాండ్ వాళ్లకన్నా అష్కెనాజీ యూదులకన్నా ఇరుకైన మూలాలవి. మన వైశ్యులు అందులో ఉన్నారు. వాళ్లలో కొందరికి సక్సినిల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టే ఎంజైము ఉండదు. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే ఆ మందుతో సడలిన కండరాలు నిమిషాల్లో తేరుకోవాలి, వీళ్లకు గంటలు పడుతుంది, అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాలి. మత్తు డాక్టరుకు ముందే చెబితే మందు మారుస్తారు. కొండాపూర్, మియాపూర్ సంతాన సాఫల్య కేంద్రాలకు వెళ్లే దంపతుల్లో వీర్యకణాలు లేని మగవాళ్లకు వై క్రోమోజోము మీద ఏజెడ్‌ఎఫ్ భాగం చూస్తారు. అక్కడ ముక్క ఊడిపోయి ఉంటే కారణం దొరికినట్టే. ఏళ్ల తరబడి నిందలన్నీ భార్య మీద వేసిన ఇళ్లకు ఆ కాగితం చూపించాలి.

పరీక్ష చేయించుకోవాలనుకుంటే ఇంట్లో పెద్ద తరం మగవాడితో చేయించడం మంచిది. సమాచారం ఎవరి చేతిలో ఉంటుందో ముందే అడగాలి. జన్యు పరీక్షల సంస్థ ట్వంటీత్రీ అండ్ మీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, తండ్రి వరుస మార్చుకోలేం. పైగా అది అన్నదమ్ములందరిదీ.

ఎముకల పని మన చుట్టూనే మిగిలి ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోనే ఆచార్య కె.పి. రావు తవ్విన ఇనుప యుగపు రాక్షసగుళ్లున్నాయి. 2017లో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో పెద్ద సమాధులు బయటపడ్డాయి. మన ఎండకు, మన నేలకు డీఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది, కాబట్టి మిగిలిన ప్రతి ఎముకా విలువైనదే. ఐటీ కారిడార్‌లో పునాదుల కోసం రాతి వలయాల మీదికి జేసీబీలు వెళ్తున్న రోజులివి. తవ్వకంలో బండల కింద కుండలూ ఎముకలూ కనిపిస్తే పని ఆపి రాష్ట్ర వారసత్వ శాఖకు చెప్పాలి. ఎముకను కడగకూడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు, పుర్రె ఉంటే చెవి దగ్గరి భాగం పగలకుండా చూడాలి.