“లింకను” చలనచిత్రము: చరిత్రౌచిత్య విచారము

చరిత్రప్రసిద్ధమైన కథను గైకొన్న కవి దానిని ఉన్నదున్నట్లుగా అప్పగింపవలసినవాఁడు కాఁడు. నాయకునకుఁ గాని రసమునకుఁ గాని అనుచితమైనది మూలకథలో నున్నచో దానిని విడువవచ్చును, లేదా వేఱువిధముగాఁ గల్పింపవచ్చునని ధనంజయుఁడు దశరూపకమున ననుమతించెను. భారతమున లేని దుర్వాసశాపము శాకుంతలమునఁ గానవచ్చుట యీ న్యాయమునకు మేలైన యుదాహరణము. 2012వ సంవత్సరమున స్టీవెను స్పీల్బర్గు దర్శకత్వమున వెలువడిన “లింకను” చలనచిత్రమును బరీక్షించుటకు నీ కొలబద్దయే చాలును.

అమెరికా 16వ అధ్యక్షుఁడగు అబ్రహాము లింకనుయొక్క కడపటి నాలుగు మాసములు ఈ చిత్రమునకు వస్తువు. బానిసత్వమును నిర్మూలించు 13వ రాజ్యాంగ సవరణము 1864 ఏప్రిలు 8న సెనేటులో నెగ్గి, జూను 15న ప్రతినిధిసభలో వీఁగిపోయెను. 1865 జనవరి 31న మరల వోటునకు వచ్చినపుడు అనుకూలురు 119, ప్రతికూలురు 56, వోటీయనివారు 8 మంది. మూఁడింట రెండు పాళ్లకుఁ గావలసినవి 117. అనఁగా మిగులు రెండు వోట్లు మాత్రమే.

ఇంతటి యుత్కంఠను జరిత్రయే సమకూర్చియుండఁగా చిత్రకర్తలు తృప్తి నొందరైరి. సభ్యుల నామములను అక్షరక్రమమునఁ బిలుచుట నాఁటి పద్ధతి. చిత్రమున రాష్ట్రముల వరుసఁ బిలుతురు. కనెక్టికటు ప్రతినిధులిరువురు ప్రతికూలముగా వోటు వేయుదురు. వాస్తవమున నా రాష్ట్రపు ప్రతినిధులు నలువురును అనుకూలురే. 2013 ఫిబ్రవరిలో కనెక్టికటు ప్రతినిధి జో కోర్ట్నీ యీ తప్పును బహిరంగముగా నాక్షేపింపఁగా, చిత్రరచయిత టోనీ కుష్నరు ఆ మార్పు బుద్ధిపూర్వకమేననియు, విజయమెంత స్వల్పమో ప్రేక్షకులకుఁ దెలియుటకై చేసితిననియు, ఆ సభ్యుల పేరులు కల్పితములనియు సమాధానమిచ్చెను.

ఈ సమాధానము నిలువదు. దుర్వాసశాపము దుష్యంతుని దోషమును గప్పినది. ఈ కల్పన దోషమెఱుఁగనివారికి దోషము నంటఁగట్టినది. పేరులు మార్చినమాత్రమున నేమి? ఆ రాష్ట్రమునకుఁ బ్రతినిధులు నలువురే కదా. పైఁగా చిత్రాంతమునఁ బ్రకటింపఁబడు లెక్క యథార్థమైన 119, 56లే. కనెక్టికటునందుఁ దగ్గించిన రెండు వోట్లను ఎచ్చటినుండి పూరించిరో కుష్నరే చెప్పవలయును. ఆ రాష్ట్రపు జేమ్సు ఇంగ్లీషు డెమోక్రాటయ్యుఁ దన పక్షము నెదిరించి యనుకూలముగాఁ బలికినపుడు సభలోఁ గరతాళధ్వనులు చెలరేఁగెను. ఇంతకంటె రసవంతమైన ఘట్టమును గల్పింపవలసిన పని యేమి?

ప్రారంభమున సైనికులు గెటిస్బర్గు ప్రసంగమును వల్లించుట, వోటునాఁడు మేరీ లింకను సభలోఁ గూర్చుండుట వంటివి నమ్మదగినవి కావు. కాని వానివలన నెవరికిని హాని లేదు. మఱి నమ్మఁదగనట్లు తోఁచు కొన్ని సంగతులే యథార్థములు. లింకను స్వరము సన్నగా, హెచ్చుస్థాయిని నుండెడిదని సమకాలికులు వ్రాసిరి. డేనియలు డే-లూయిసు ఆ స్వరమునే పట్టుకొనెను. శాంతిదూతలు నగరమున లేరనియు, వచ్చు సూచన తన యెఱుకలో లేదనియు లింకను వోటునాఁడు వ్రాసి పంపిన చీటియు నిజమే. దూతలు నగరమునకుఁ గాక హాంప్టను రోడ్సునకు వచ్చుచుండిరి. ఫిబ్రవరి 3న నచ్చట నోడపై నతఁడే వారిని గలసికొనెను. అధ్యక్షుని యీ మాటనేర్పును దాఁచకుండుట చిత్రకర్తల ధైర్యము.

వోటు తప్పుకంటె గురుతరమైన లోపము వేఱొకటి కలదు. బానిసత్వ నిర్మూలనమునకై పాటుపడిన నల్లజాతివారు ఇందు చూపరులుగానే మిగిలిరి. చరిత్రకారిణి కేట్ మాసరు 2012లోనే యీ కొఱతను జూపెను. ఎలిజబెతు కెక్లీ స్వయముగా మూల్యమిచ్చి విముక్తి నొందినది. విముక్తుల సహాయార్థము 1862లో సంఘమును స్థాపించినది. చిత్రమున నామె ప్రధానముగా మేరీ లింకనుయొక్క సహచరి. ధనంజయుఁడు విడువుమన్నది అనుచితమును; ఇందు విడువఁబడినది సముచితము. ఫ్రెడరికు డగ్లసు పాత్రయే లేదు. 1865 మార్చి 4నాఁటి లింకను ప్రసంగముతోనే చిత్రము ముగియును. ఆ సాయంకాలమే శ్వేతభవన ద్వారమున భటులు డగ్లసును నడ్డగింపఁగా, లింకను వినినంతనే లోనికిఁ బిలిపించి, తన ప్రసంగమునుగూర్చి యాతని యభిప్రాయము నడిగెను.