మిల్లీసెకన్ల ప్రామాణ్యము

ఎమ్మారై యంత్రము సాధారణముగా ఇచ్చు చిత్రము తెలుపు నలుపుల తారతమ్యమును చూపునదే గాని అందలి ఏ బిందువునకును తనదైన కొలమానము లేదు. ఒక యంత్రమున తెల్లగా తోచినది మఱియొక యంత్రమున బూడిదవన్నెగా తోచినను, వైద్యుడు చుట్టునున్న కణజాలముతో పోల్చి చూచి వ్యాధిని నిర్ణయించుచున్నాడు. ఈ పోలికతో తృప్తి చెందక, ప్రతి బిందువునుండియు మిల్లీసెకన్లలో చెప్పదగిన సంఖ్యను రాబట్టవలెనని దశాబ్దములుగా సాగుచున్న కృషియే విశ్రాంతి కాలముల మాపనము.

బలమైన అయస్కాంత క్షేత్రమున దేహము నుంచినప్పుడు నీటిలోని హైడ్రోజన్ కేంద్రకములు ఆ దెసకు ఇంచుక మొగ్గుటవలన దేహమునకే ఒక సూక్ష్మమైన అయస్కాంతత్వము ఏర్పడును. రేడియో పల్స్‌తో దానిని ఒరగద్రోసి విడిచినచో, పోయిన భాగములో 63 శాతము తిరిగి చేకూరుటకు పట్టు కాలమును టి-1 అనియు, అడ్డముగా తిరుగుచు సంకేతము నిచ్చు భాగము 37 శాతమునకు క్షీణించుటకు పట్టు కాలమును టి-2 అనియు వ్యవహరింతురు. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా ఈ కేంద్రక అయస్కాంత అనునాదమును కనుగొనగా, పర్సెల్ తన సహచరులైన బ్లోంబెర్గెన్, పౌండులతో కలసి 1948లో, ఈ కాలములు అణువుల కదలికను బట్టి యుండునని వివరించెను. కణజాలములోని నీరు స్వేచ్ఛగా దొర్లుచున్నదో, ప్రోటీనుల చెంత చిక్కి మందగించినదో ఆ సంఖ్య చెప్పునన్న ఆశకు ఇదియే మూలము. 1971లో రేమండ్ డమాడియన్ ఎలుకల కంతులలో ఈ కాలములు దీర్ఘమై యుండుటను ప్రకటించినప్పుడు ఆ ఆశ మిన్నంటెను. కాని రుగ్మ కణజాలపు సంఖ్యలును ఆరోగ్య కణజాలపు సంఖ్యలును ఒకదాని పరిధిలోనికి మఱొకటి చొచ్చుకొని పోవుటచే, ఒక్క సంఖ్యతో కాన్సరును తేల్చవచ్చునన్న భావము నిలువలేదు.

టి-1ను కొలుచు పద్ధతులలో అందరును ప్రమాణముగా గైకొనునది, అయస్కాంతత్వమును 180 డిగ్రీలు తలక్రిందులు చేసి, వేర్వేరు విరామముల పిదప అది ఎంతవరకు కోలుకొన్నదో చూచి రేఖ గీయు పద్ధతి. ప్రతి పర్యాయమును పూర్తిగా కోలుకొనువఱకు, అనగా టి-1కి సుమారు ఐదింతల కాలము, వేచియుండవలసివచ్చుటచే జీవించియున్న రోగిని అంతసేపు కదలక పరుండబెట్టుట దుస్సాధ్యము. ఇట్టి జాప్యమును తగ్గించుటకు 1970లోనే లుక్, లాకర్ అను వారు ఒక్క కోలుకోలులోనే పలుమార్లు నమూనాలు తీయు ఉపాయమును చూపిరి. తరువాతి వారు పల్స్ కోణమును మార్చుచు వేగముగా చిత్రములు తీసి టి-1ను లెక్కించిరి. వేగమునకు మూల్యము చెల్లింపక తప్పలేదు. కోణములు మార్చు పద్ధతిలో, యంత్రము మనము కోరిన కోణమునకు 10 శాతము తప్పినచో టి-1 ఇంచుమించు 20 శాతము తప్పును. ఏలయనగా ఆ సంఖ్య కోణపు వర్గమును అనుసరించి మారును. 3 టెస్లాల యంత్రములలో తల నడుమను అంచులందును ఆ కోణము ఒక్కరీతిగ నుండదు గనుక, దాని వ్యాప్తిని వేరుగా కొలిచి సవరింపకుండ ప్రకటించిన సంఖ్యను నేను విశ్వసింపజాలను.

2015లో స్టికోవ్ ప్రభృతులు ఈ మూడు పద్ధతులను పక్కపక్కన నిలిపి పరీక్షించిరి. తెలిసిన ద్రవములను నింపిన ఫాంటమ్‌లు అను పరీక్షా పాత్రలలో మూడును చక్కగా ఏకీభవించెను. మనుష్యుల మెదడులోని శ్వేత పదార్థమున మాత్రము 30 శాతమునకు మించిన వ్యత్యాసము వచ్చెను. ఈ ఫలితమును నేను మిక్కిలి విలువైనదిగా ఎంచుచున్నాను. ఫాంటమ్‌లోని ద్రావణము ఏకరూపము. కణజాలమో, నరపు తంతువులను చుట్టియున్న మైలిన్ పొరల నడుమ చిక్కిన నీరు, స్వేచ్ఛగానున్న నీరు, వాటితో అయస్కాంతత్వమును ఇచ్చిపుచ్చుకొను మహాణువులు అన్నియు కలసిన సముదాయము. అట్టి దానిని ఒకే వక్రరేఖతో వర్ణింప బూనినప్పుడు, ఏ పల్స్ ఆ సముదాయములో దేనిని ఎంతగా కదల్చెనో దానినిబట్టి జవాబు మారును. ఫాంటమ్‌లో నెగ్గుట ఈ విద్యకు ఆవశ్యకమే గాని పర్యాప్తము కాదు.

టి-2 విషయమునను ఇట్టి చిక్కులే కలవు. 1950లో ఎర్విన్ హాన్ కనుగొన్న స్పిన్ ఎకోను, అనగా చెదరిన సంకేతమును మఱియొక పల్స్‌తో తిరిగి లేపుటను, 1954లో కార్, పర్సెల్ వరుస ఎకోలుగా విస్తరింపగా, 1958లో మైబూమ్, గిల్ పల్స్ దోషములు పేరుకొనకుండ సవరించిరి. అయినను 180 డిగ్రీలకు తగ్గిన పల్స్‌ల వలన పుట్టు అదనపు ఎకోలు టి-2ను ఉన్నదానికంటె దీర్ఘముగా చూపును. చివరి ఎకోలలో సంకేతము రొదలో మునిగినప్పుడు కూడ అదే దిశగా తప్పు వచ్చును.

యాథార్థ్యము వేరు, పునరావృత్తి వేరు. ఒకే రోగిని ఒకే యంత్రమున రెండుమార్లు కొలిచినచో ఎంత తేడా వచ్చునో తెలియక, ఆరు నెలల అనంతరము వచ్చిన తేడాను వ్యాధి పురోగతి యనుట సాహసము. ఒక కొలతలో రోగి లోపలి ప్రామాణిక విచలనము 20 మిల్లీసెకన్లు అనుకొన్నచో, దానిని 2.77తో హెచ్చవేయగా వచ్చు ఇంచుమించు 55 మిల్లీసెకన్లకు లోబడిన మార్పును మార్పని ప్రకటించుటకు 95 శాతపు నమ్మకముతో అధికారము లేదు. ఈ గణితము సులభము. దీనిని పాటించు నిగ్రహమే కొఱతగానున్నది.

ఈ నిగ్రహము ఫలించిన చోటు హృదయము. తలసీమియా బిడ్డలకు క్రమము తప్పక రక్తమెక్కించుటచే గుండెలో ఇనుము పేరుకొనును. దానివలన టి-2 స్టార్, అనగా క్షేత్రపు అసమానతను కూడ కలుపుకొని సంకేతము క్షీణించు కాలము, తగ్గునని లండనులోని పరిశోధకులు 2001లో చూపి, 1.5 టెస్లాల యంత్రమున 20 మిల్లీసెకన్లకు దిగువ ఇనుము చేరినదనియు, తరువాతి కాలమున 10కి దిగువ అపాయము తీవ్రమనియు నిర్ణయించిరి. ఒకే క్షేత్రబలము, ఒకే పద్ధతి, వేర్వేరు ఆసుపత్రుల యంత్రములపై సరిచూచిన కొలత, ఆ కొలతకు తగిన చికిత్స, ఇవన్నియు కూడివచ్చుటచే, ఇనుమును తొలగించు మందుల సాయముతో అచ్చట గుండెలోని ఇనుముచే కలుగు మరణములు తగ్గెను. తెలుగునాట తలసీమియా బిడ్డలను చూచుకొను తల్లిదండ్రులును వారి వైద్యులును గమనింపవలసినది ఒకటి కలదు: 3 టెస్లాల యంత్రముపై ఈ కాలము స్వభావసిద్ధముగనే తగ్గును గనుక, అచ్చటి నివేదికను 20 అను హద్దుతో చదువరాదు, క్షేత్రబలమును వ్రాయని నివేదికను తిరిగి యంత్రశాలకు పంపి అడుగుటయే యుక్తము.