ఆస్పత్రిని దేనితో కొలవాలి?

అబిడ్సు నుండి మొజంజాహీ మార్కెట్టు మీదుగా కొంచెం దూరం పోతే గోషామహల్ వస్తుంది. అక్కడి పోలీసు మైదానంలో 2025 జనవరి 31వ తేదీన ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగింది. ఎన్ని ఎకరాలు, ఎన్ని అంతస్తులు, ఎన్ని కోట్ల రూపాయలు అనే వివరాలు పత్రికలలో విస్తారంగా వచ్చినవి. పడకలు రెండు వేలన్నారు. సంతోషించదగిన సంగతే. మూసీ ఒడ్డున ఉన్న పాత భవనంలో 2020 జూలైలో వాననీరు వార్డులలోకి చేరి, మంచాల చుట్టూ నిలిచిన దృశ్యాన్ని చూసినవారెవరూ కొత్త భవనం అక్కరలేదని అనరు.

కాని ఈ వివరాలన్నీ చదివిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ ఆస్పత్రిలో చేరిన మనిషికి చివరకు ఏమవుతుంది? కొత్త మందు ఒకటి బజారులోకి వస్తే దాని సీసా ఎంత పెద్దదని మనం అడగము. పుచ్చుకున్నవారిలో ఎందరికి నయమైంది, పుచ్చుకోనివారిలో ఎందరికి నయమైంది అని అడుగుతాము. ఈ పరీక్ష మందులకు మామూలైపోయింది. ఆస్పత్రుల సంస్కరణకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు. అక్కడ మనం ఇప్పటికీ సీసానే కొలుస్తున్నాము.

ఇటువంటి ప్రశ్న మీద ఒకప్పుడు ప్రపంచ వైద్యులందరూ హైదరాబాదు వైపు చూశారు. అప్పటి ఆస్పత్రి అఫ్జల్‌గంజ్‌లో ఉండేది. (1908 మూసీ వరదలో అది పోయిన తరువాతనే ఉస్మానియా ఆస్పత్రి వచ్చింది.) రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ అక్కడి వైద్యానికి పెద్ద. శస్త్రచికిత్సకు ఆనాటి మత్తుమందు క్లోరోఫాం. ఒక కర్బన పరమాణువుకు ఒక ఉదజని, మూడు క్లోరిన్ పరమాణువులు చేరితే ఏర్పడే తియ్యని వాసన గల ద్రవమది. రోగి సుఖంగా నిద్రపోయేవాడు. అప్పుడప్పుడు ఒకడు లేచేవాడు కాదు. మొదట ఆగేది ఊపిరా, గుండెయా అన్నది పెద్ద వివాదం. ఊపిరి అయితే మత్తు ఇచ్చేవాడు రోగి రొమ్ము మీద దృష్టి పెట్టాలి. గుండె అయితే నాడి మీద వేలు తీయకూడదు. ఊపిరిని చూస్తే చాలునని లారీ పట్టుదల.

దీనిని తేల్చడానికి 1888లో ఒక కమిషను, 1889లో మరొకటి హైదరాబాదులో పనిచేసినవి. రెండవదానికి ఆరవ నిజాము వెయ్యి పౌన్ల ధనం ఇచ్చాడు. లండనులోని 'లాన్సెట్' పత్రిక లాడర్ బ్రంటన్ అనే శాస్త్రజ్ఞుణ్ణి పంపింది. (ఆ నిజాము కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరుమీదనే అబిడ్సు ఏర్పడింది.) నాలుగు వందలకు పైగా జంతువులమీద, ముఖ్యంగా కుక్కలమీద, ప్రయోగాలు చేశారు. అన్నిటిలోనూ ఊపిరే ముందు ఆగింది. గుండె తరువాతనే ఆగింది. లారీ గెలిచినట్లు ప్రకటన వెలువడింది.

ఇక్కడ మన విద్యార్థులు ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసి ఉన్నది. ప్రయోగాలు అబద్ధం కావు. క్లోరోఫాం అతిగా ఇస్తే ఊపిరి ముందుగా ఆగుట నిజమే. కాని ఆపరేషను బల్లమీద హఠాత్తుగా చనిపోయిన మనుష్యులలో చాలామందికి మందు అతిగా పడలేదు. సగం మత్తులో ఉండగానే వారు పోయారు. ఆ స్థితిని కమిషను సరిగా పరీక్షించనేలేదు. 1911లో గుడ్మన్ లెవీ పిల్లులమీద చేసిన ప్రయోగాలలో అసలు సంగతి బయటపడింది. మత్తు పలుచగా ఉన్నప్పుడు రక్తంలో ఆడ్రినలిన్ హెచ్చితే గుండె కండరం క్రమం తప్పి వణికిపోయి ఆగిపోతుంది. భయపడిన రోగి శరీరంలో ఆడ్రినలిన్ తనంతట తానే హెచ్చుతుంది. ఒక కుక్కకు బదులు నాలుగు వందల కుక్కలను పరీక్షించినంత మాత్రాన, అడగని ప్రశ్నకు జవాబు రాదు. అంకె పెద్దదైతే ప్రశ్న కూడా సరియైనదే అయి ఉంటుందనుకోవటం ఆ కమిషను దోషం. రెండు వేల పడకల వార్తను చదివేటప్పుడు నాకు ఇదే గుర్తుకు వస్తుంది.

అయినా లారీని పూర్తిగా కొట్టివేయటం న్యాయం కాదు. ఊపిరిని కనిపెట్టి ఉండమని ఆయన నేర్పిన క్రమశిక్షణ మంచిది. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వటాన్నే తన వృత్తిగా చేసుకొని, ప్రపంచంలోనే ఆ పని చేసిన తొలి మహిళలలో ఒకరైనారు. మత్తు ఇచ్చే మనిషికి వేరే పని ఉండకూడదు, ఆ మనిషి రోగినే చూస్తూ ఉండాలి అన్నది ఆ కాలం మనకు ఇచ్చిన ఆస్తి.

ఊపిరా, నాడియా అనే తగవును తీర్చింది ఒక చిన్న పరికరం. 1974లో జపానులో తకువో ఆయోయాగి ప్రకటించిన సూత్రంమీద పనిచేసే పల్స్ ఆక్సీమీటరును కోవిడ్ కాలంలో ఇంటింటా చూశాము. వేలికి తొడిగే ఈ పరికరం 660 నానోమీటర్ల ఎర్రని కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని వేలిగుండా పంపుతుంది. ప్రాణవాయువును మోస్తున్న హిమోగ్లోబిన్ ఎరుపును తక్కువగానూ, పరారుణాన్ని ఎక్కువగానూ పీల్చుకొంటుంది. మోయని హిమోగ్లోబిన్ ఇందుకు విరుద్ధం. చర్మం, ఎముక, సిరలు కూడా కాంతిని పీల్చుకొనేవే. వాటిని ఎట్లా వేరు చేయటం? నాడి కొట్టినప్పుడల్లా హెచ్చుతగ్గులయ్యే భాగం ధమనుల రక్తానిదే కదా! ఆ భాగాన్ని మాత్రమే లెక్కకు తీసుకుంటే చాలు. ఆయోయాగి తెలివి అక్కడ ఉన్నది. ఊపిరి చేసిన పనీ, నాడి చేసిన పనీ ఒకే అంకెలలో కనబడతవి. దీనికీ లోపం లేకపోలేదు. అమెరికాలో 2020లో వెలువడిన ఒక పరిశీలనలో, పరికరం 92 నుండి 96 వరకు చూపినప్పటికీ నిజమైన అంకె 88కి తక్కువగా ఉన్నవారు తెల్లవారిలో నూటికి 3.6, నల్లవారిలో 11.7 అని తేలింది. మన చర్మపు ఛాయలు రకరకాలు. కొనేముందు మన రోగులమీద సరిచూడటం మంచిది.

పరికరం కొనటం సులభం. అది కూత పెట్టినప్పుడు లేచి వచ్చే మనిషి ఉండాలి. రాత్రి మూడు గంటలకు ఒక నర్సు ఎంతమంది రోగులను చూసుకుంటున్నదన్న ప్రశ్న శిలాఫలకంమీద ఎన్నడూ కనిపించదు.

ఇక నాంపల్లికి వద్దాము. స్టేషనులో దిగి, మూటా ముల్లెతో, చంకలో బిడ్డతో రెడ్‌హిల్స్ వైపు నడిచే తల్లులు చాలామంది చేరేది నీలోఫరు ఆస్పత్రికి. చివరి నిజాము కోడలు నీలోఫర్, తన దగ్గర పనిచేసే ఒక యువతి ప్రసవంలో మరణించటం చూసి తలపెట్టిన ఆస్పత్రి ఇది, 1953లో ఏర్పడింది. (ఆమె భర్త మొజంజా పేరిటిదే మొజంజాహీ మార్కెట్టు.) జిల్లాలలో ఆశ వదులుకున్న పసిబిడ్డలు ఇక్కడికి వస్తారు.

నెలలు నిండక, బరువు తక్కువగా పుట్టిన బిడ్డను ఏం చేయాలి? చాలాకాలం వరకు సమాధానం ఒకటే: తల్లి నుండి వేరుచేసి అద్దాల పెట్టెలో పెట్టటం. పెట్టెలు చాలని కొలంబియా దేశపు బొగొటా నగరంలో 1978లో ఎడ్గర్ రే అనే వైద్యుడు, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి ప్రవేశపెట్టాడు. దానికి కంగారూ పద్ధతి అని పేరు. ఐతే చాలాకాలం దానిని బిడ్డ ప్రమాదస్థితి దాటిన తరువాతనే ఆరంభించేవారు. పుట్టిన వెంటనే ఆరంభిస్తే? ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల ఆస్పత్రులలో దీనిని పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించింది. ఒక కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువు గల శిశువులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీశారు. ఇరవై ఎనిమిది రోజులలో పాత పద్ధతి జట్టులో నూటికి 15.7 మంది చనిపోగా, వెంటనే తల్లికి అప్పగించిన జట్టులో 12.0 మంది చనిపోయారు. తేడా స్పష్టంగా కనబడటంచేత పరీక్షను ముందుగానే ఆపివేశారు.

ఉపాధ్యాయులు దీనిని లెక్కల తరగతికి తీసుకుపోవచ్చు. తేడా నూటికి 3.7. నూరును 3.7తో భాగిస్తే ఇరవై ఏడు. అనగా ఇరవై ఏడుగురు శిశువులను ఈ విధంగా పెంచితే, లేకుంటే పోయే ఒక ప్రాణం నిలుస్తుంది. కొత్త మందు లేదు, విదేశీ యంత్రం లేదు.

కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. రోజుకు సుమారు పదిహేడు గంటలు బిడ్డ తల్లి ఒంటిమీద ఉండాలంటే, శిశువుల విభాగంలోనే తల్లికి మంచం కావాలి. ఆమెకు భోజనం కావాలి. ప్రసవించిన ఆమెను చూసే వైద్యురాలూ, బిడ్డను చూసే వైద్యుడూ ఒకే గదికి రావాలి. మనం కట్టుకున్న ఆస్పత్రులలో సాధారణంగా ఇవి రెండు వేరు విభాగాలు. మధ్యలో ఒక గోడ, ఆ గోడకు ఒక కావలివాడు. ఇక్కడ వైద్యశాస్త్రం ఇంజనీరుకు సూటిగా ఒక మాట చెప్తున్నది. తల్లి మంచాన్ని శిశు విభాగంలో లెక్కవేయని నవీన ప్రసూతి భవనం ఎన్ని అంతస్తులున్నా పాతదే.

సంస్కరణ పేరుతో వచ్చేవన్నీ పరీక్షకు నిలబడవన్నది కూడా చెప్పుకోవాలి. ఆపరేషనుకు ముందు, తరువాత సరిచూసుకొనే ఒక చీటీని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది నగరాలలో ప్రయోగించి చూసింది. న్యూఢిల్లీ వాటిలో ఒకటి. మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవని 2009లో ప్రకటించారు. లోకమంతా చప్పట్లు కొట్టింది. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో నూటొక్క ఆస్పత్రులలో దానిని ప్రవేశపెట్టిన తరువాత చూస్తే, చెప్పుకోదగిన తేడా ఏదీ లేదని 2014లో తేలింది. ప్రసవాలకు అటువంటి చీటీనే ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నరకు పైగా కాన్పులలో పరీక్షించారు. సిబ్బంది పని మెరుగైంది. తల్లీబిడ్డల మరణాలు మాత్రం తగ్గలేదని 2017 నివేదిక చెప్పింది. గళ్ళలో టిక్కులు పెట్టటం వైద్యం కాదు. ఆ తరువాత 2023లో వెలువడిన ఒక ఆఫ్రికా పరీక్షను చూడండి. కాన్పు తరువాత పోయే రక్తాన్ని కంటితో అంచనా వేయటం మాని, గీతలున్న ఒక ప్లాస్టిక్ సంచిలో పట్టి కొలిచారు. గీత దాటగానే ఇవ్వవలసిన చికిత్సలన్నీ ఒకేసారి ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, తత్సంబంధమైన ప్రమాదాలు నూటికి 4.3 నుండి 1.6కి దిగినవి. ఇందులో కాగితం లేదు, కొలత ఉన్నది. కొలత వెంటనే చేయవలసిన పని ఉన్నది.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదవానికి పెద్ద ఆస్పత్రుల తలుపు తెరిచింది. అప్పు లేకుండా గుండె ఆపరేషను చేయించుకున్నవారి ముందు దానిని తేలికచేసి మాట్లాడటం తగదు. ఐతే ఆ పథకం ప్రగతిని మనం వినేది ఎన్ని లక్షల ఆపరేషన్లు, ఎన్ని కోట్లు అనే అంకెలలో. ఆపరేషను జరగటం ఖర్చు. రోగి తిరిగి పొలానికి పోవటం ఫలితం.

అట్లాగని మరణాల సంఖ్య ప్రకటించి, ఎక్కువ ఉన్న ఆస్పత్రిని నిందిస్తే సరిపోతుందా? సరిపోదు. నీలోఫరుకు జిల్లాలనుండి వచ్చేవారు అసలే విషమించిన బిడ్డలు. ఉత్త సంఖ్యలు చూసి కేకలు వేస్తే, విషమించినవారిని గుమ్మం దగ్గరనే తిప్పి పంపటం నేర్చుకుంటారు. భాగహారంలో హారం తప్పితే ఎంత అనర్థమో 1863లో ఇంగ్లండులోనే కనబడింది. ఫ్లారెన్స్ నైటింగేల్ పుస్తకంలో లండను ఆస్పత్రుల మరణాలు నూటికి తొంభై అని వచ్చింది. ఏడాది పొడుగునా చనిపోయినవారిని, ఒక్క రోజున పడకలలో ఉన్నవారి సంఖ్యతో భాగించారు! ఏడాదిలో చేరినవారందరితో భాగించి ఉండవలసింది. అందుచేత వచ్చినప్పటి బరువు, జబ్బు తీవ్రత, ఎంతసేపటికి చేరినారు అనేవి కూడా నమోదు చేసి, సమానులను సమానులతో పోల్చాలి. కష్టమే, కాని చేయరానిది కాదు. కోవిడ్ ఉద్ధృతంగా ఉన్న 2020లోనే బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రులు మామూలు వార్డులలో ఆరువేల నాలుగు వందల మందిని ఇట్లా పోల్చి, డెక్సామెథసోన్ అనే పాత చౌక మందు కృత్రిమ శ్వాసమీద ఉన్నవారి మరణాలను మూడోవంతు తగ్గిస్తుందని కొద్దినెలలలో నిరూపించినవి.

మన దగ్గర మరొక తంటా ఉన్నది. తాండూరు నుండో, వికారాబాదు నుండో వచ్చి ఆపరేషను చేయించుకున్న రైతు కుట్లు మానకముందే నాంపల్లిలో రైలెక్కి వెళ్ళిపోతాడు. పుండు చీముపట్టిందా, జ్వరం వచ్చిందా, మళ్ళీ ఏ ప్రైవేటు నర్సింగ్‌హోములోనైనా చేరినాడా అన్నది ఆపరేషను చేసిన డాక్టరుకు తెలియదు. ఆస్పత్రి రిజిస్టరులో మాత్రం అతడు నయమై పోయినవాడు. ముప్పయ్యవ రోజున అతని ఇంటికి ఒక టెలిఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవటానికి గోషామహల్ భవనం పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. ఇప్పుడున్న వార్డులో, ఇప్పుడున్న ఒక గుమాస్తా వచ్చే సోమవారంనుండి ఆరంభించవచ్చు.