నలుపు కింద రంగులు

పిల్లలకు క్రేయాన్లతో గీకుడు బొమ్మలు నేర్పే డ్రాయింగ్ టీచర్లంటే నాకెంతో గౌరవం. ముందు దళసరి కాగితం మీద పసుపు, ఎరుపు, నీలం రంగుల్ని తెల్లమచ్చ కనబడకుండా గట్టిగా రుద్దించాలి. ఇక్కడే సగంమందికి చేతులు నొప్పెడతాయి. పక్కన కూర్చుని, ఊరిస్తూ చేయించడమే అసలు పనితనం. పైన నల్ల పోస్టర్ కలర్ పూయాలి. మైనం మీద నీటిరంగు నిలవదు కనుక అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలుపుతారు.

‘నా రంగులన్నీ పోయాయి టీచర్!’ అని బిక్కమొహం వేసిన పిల్లను ‘ఆరనివ్వమ్మా, చూద్దువుగాని’ అంటూ బుజ్జగించాలి. ఆరాక చీపురుపుల్లతోనో, ఇంకు అయిపోయిన రీఫిల్‌తోనో చేప బొమ్మ గీకితే నల్లటి పొట్టు లేచి, చేప పొలుసులు ఒక్కోటీ ఒక్కో రంగులో బయటపడతాయి. ఎక్కువ నొక్కితే కాగితం చిరుగుతుంది, తక్కువైతే నలుపు వదలదు. ఎంత నొక్కాలో ఆ చేతికే తెలియాలి. అందుకే మంచి టీచర్ పుల్లను తన చేతిలోకి తీసుకోరు.