సామాను ఎక్కడిది?

లోకంలో రకరకాల సరదాలున్నాయి. స్టాంపులు దాచేవాళ్లున్నారు, రైలింజన్ల నంబర్లు రాసుకునేవాళ్లున్నారు. సెలవు రోజు రాగానే పాతకాలపు సైనికుల బట్టలు తొడుక్కుని, మైదానంలో రెండు పక్షాలుగా చీలి, ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధాన్ని మళ్లీ చేసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఉన్న మన బంధువుల్లో కొందరు పిల్లల్ని తీసుకెళ్లి గెటిస్‌బర్గ్‌లో ఈ తంతు చూసే ఉంటారు. ఇంగ్లండులో సీల్డ్ నాట్ అనే సంఘం 1968లో పుట్టి, పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధాన్ని ఇలాగే ఆడుతూ వస్తోంది. ఇంగ్లీషులో దీన్ని రీఎనాక్టింగ్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు కాబట్టి ఈ వ్యాసం వరకు "యుద్ధ వేషం" అనుకుందాం.

మనకూ దీనికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. ఏ దేశంలోనైనా తెలుగు సంఘం వార్షికోత్సవానికి వెళ్లి చూడండి. కాషాయం కట్టి, గడ్డం అంటించుకుని, భుజాన విల్లు తగిలించుకున్న చిన్నారి అల్లూరి సీతారామరాజు కనీసం ఒక్కడైనా వేదిక ఎక్కుతాడు. అదీ యుద్ధ వేషమే. కాకపోతే ఆ తెల్లవాళ్ల వేషాన్ని వాళ్లలో వాళ్లే కఠినంగా పరీక్షించుకుంటారు. మన వేషాన్ని మనం పరీక్షించుకోం. చప్పట్లు కొట్టి భోజనాలకు లేస్తాం. ఒక్కసారి పరీక్షించి చూద్దామన్నదే నా ప్రయత్నం.

ముందు వాళ్ల పరీక్ష ఏమిటో చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడిన బ్రిటిష్ ఇండియన్ సిపాయి వేషం కట్టాలనుకోండి. ముతక ఉన్ని బట్టతో కుట్టిన బ్యాటిల్‌డ్రెస్ కావాలి. 1937 నమూనా కాన్వాసు బెల్టు, దానికి తగిలించే సంచులు కావాలి. అడుగున ఇనుప మేకులు దిగ్గొట్టిన బూట్లు కావాలి. ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైన లీ ఎన్‌ఫీల్డ్ తుపాకీ నమూనా ఒకటి కావాలి. అసలువి పాత సామాన్ల వర్తకుల దగ్గరో, చనిపోయిన సైనికుల ఇళ్లలోని ట్రంకు పెట్టెల్లోనో దొరుకుతాయి. దొరకనివాటిని అదే కొలతతో కొత్తగా కుట్టి అమ్మే దుకాణాలున్నాయి. నాసిరకం వేషంతో వచ్చినవాణ్ణి అమెరికాలో "ఫార్బ్" అని వెక్కిరిస్తారు. ఇత్తడి గుండీలకు పాతదనం రావాలని వాటిని మూత్రంలో నానబెట్టే మహానుభావుల గురించి టోనీ హార్విట్జ్ 1998లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. మన ఇళ్లలో ఇత్తడి సామాను చింతపండుతో తళతళా తోముకునే తల్లులు ఇది వింటే ఏమంటారో!

నవ్వుకున్నా, ఆ శ్రద్ధకు దణ్ణం పెట్టాలి. గతం అంటే ఒక బరువు, ఒక దురద, కాలి బొబ్బ అని వాళ్లు ఒంటితో తెలుసుకుంటున్నారు. కానీ ఆ పరీక్షకు ఒక హద్దు ఉంది. దక్షిణాది సైనికుడి కోటు రంగు మీద గంటల తరబడి వాదించుకునేవాళ్లు, ఆ కోటుకు పత్తి ఏరిన బానిస ఊసు ఎత్తకుండా రోజంతా గడిపేయగలరు. గుండీ సరైనదే. ఆ గుండీ వెనకాల ఉన్న మనిషే మైదానంలో లేడు. అందువల్ల "వస్తువు సరైనదేనా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. "ఈ సామాను ఎక్కడి నుంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చింది?" అని కూడా అడగాలి. మా సాఫ్ట్‌వేర్ పనిలో ప్రతి ఫైలుకూ ఒక చరిత్ర ఉంటుంది: ఎవరు రాశారు, ఎవరు ఎప్పుడు మార్చారు అని. ఆ చరిత్ర పోయిన ఫైలు పనిచేస్తున్నా సరే, దాన్ని ముట్టుకోవడానికి మాకు భయం. యుద్ధ వేషానికీ అలాంటి చరిత్ర ఒకటి ఉండాలని నా వాదన.

ఈ కొలబద్దతో మన అల్లూరిని చూద్దాం. మన్యం పోరాటంలో విల్లంబులు లేవని కాదు. మిరపకాయ టపా కథ మనలో చాలామంది చిన్నప్పుడే విన్నాం. కానీ ఆ పోరాటం పోరాటంగా మొదలైంది తుపాకుల సేకరణతో. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయ్‌నెట్లు దొరికాయి. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, రాజవొమ్మంగిలో 8. మొత్తం 26. ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం ఇంకొకటుంది. తీసుకెళ్తున్న సామాను వివరాలు స్టేషన్ రికార్డులో రాసి, కింద రాజు సంతకం పెట్టాడు. దొంగ సంతకం పెట్టడు. "ఇది మీది, మేం తీసుకున్నాం, తీసుకున్నది ఫలానా వాళ్లం" అని చెప్పడమే ఆ సంతకం. అడవి చట్టాలతో పోడు వ్యవసాయం పోగొట్టుకుని, రోడ్ల పనుల్లో సరైన కూలి లేకుండా చాకిరీ చేసిన మన్యం జనం, తమ మీద ఎక్కుపెట్టిన తుపాకులనే తిప్పి పట్టుకున్నారు. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటివాళ్లు అందులో ముందు నిలిచారు. మల్లు దొర తర్వాత 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు కూడా. మరి మన వేదికల మీద గంటం దొర వేషం కట్టిన పిల్లవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఎందుకిలా జరిగింది? సినిమా వల్ల అని సులువుగా చెప్పేయవచ్చు. 1974లో కృష్ణ నటించిన "అల్లూరి సీతారామరాజు" ఆ రూపాన్ని తెలుగువాళ్ల కళ్లలో ముద్ర వేసిన మాట నిజమే. కానీ ఆశ్చర్యకరంగా, తుపాకులు ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నను తన కథకు ఇరుసుగా పెట్టుకున్నది 2022లో వచ్చిన "ఆర్ఆర్ఆర్". అందులో రామరాజు పోలీసు యూనిఫారం తొడుక్కోవడానికి కారణమే తన ఊరివాళ్లకు తుపాకులు తెస్తానన్న మాట. ఇది పూర్తిగా కల్పన అని తీసినవాళ్లే చెప్పారు, కాబట్టి చరిత్రతో పోల్చి తప్పు పట్టను. అయినా ఒక సంగతి గమనించాలి. ఆ కథలో తుపాకులు తేవడం ఒక్క వీరుడి మొక్కు అయింది. చివరికి యుద్ధానికి పనికొచ్చింది గుడిలో రాముడి విగ్రహం దగ్గర దొరికిన విల్లు. 1922లో మూడు రోజుల్లో ఒక గుంపు చేసిన పని, తెర మీద ఒక్క మనిషి మహిమగా మారింది. స్టేషన్ రికార్డూ, అందులో సంతకమూ అక్కడ లేవు. మన పిల్లలు వేదిక మీదికి తెచ్చుకుంటున్నది ఆ మహిమనే.

"కంచె" సంగతి వేరు. 2015లో క్రిష్ తీసిన ఈ సినిమా, రెండో ప్రపంచ యుద్ధాన్ని తెలుగు కథలోకి తెచ్చింది. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రం బహుమతీ అందుకుంది. కథలో ఇటలీ, కెమెరా పెట్టింది జార్జియాలో. యుద్ధ వేషం కట్టేవాళ్ల కళ్లతో చూస్తే వంకలు దొరుకుతాయి. కథానాయిక అన్న ఈశ్వర్‌ను కర్నల్‌ని చేశారు. బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో ఒక దళానికి అధిపతి అయిన తొలి భారతీయుడిగా కె.ఎం. కరియప్ప చరిత్రకెక్కిందే 1942లో. ఆ రోజుల్లో ఒక తెలుగు జమీందారు బిడ్డ భుజానికి అంత హోదా తగిలించడం, నకిలీ గుండీ కంటే పెద్ద పొరపాటు. అయినా ఈ సినిమా నాకు గౌరవనీయంగానే కనిపిస్తుంది. యుద్ధభూమిలో ఉన్న ముళ్లకంచె ఎక్కడి నుంచి వచ్చిందంటే, కులం పేరుతో ఊరి మధ్యన వేసిన కంచె నుంచి వచ్చిందని చెప్పే సాహసం చేసింది. హోదా లెక్క తప్పినా కంచె లెక్క తప్పలేదు. అయితే ఆ ఖాకీ హరిబాబు ఒంటి మీదికి ఎలా వచ్చిందో ఇంకొంచెం చూపించి ఉంటే బాగుండేది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం అనే ఊరే ఉంది, ఇంటికొకరు సైన్యంలో చేరారని చెప్పుకునే ఊరు. తెలుగువాడి ఖాకీ చరిత్ర అలాంటి ఊళ్ల అరుగుల మీద ఉంది, జార్జియాలో కాదు.

ఇప్పుడు పల్నాడు వెళ్దాం. కారంపూడిలో ప్రతి కార్తీక అమావాస్యకు పల్నాటి వీరుల ఆరాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులకు ఐదు పేర్లు. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని ఇలా ఏటా గుర్తు చేసుకుంటారు. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని ఆచారవంతులు ఊరూరి నుంచి మోసుకొస్తారు. నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పుకునే, కులం చూడకుండా అందరూ కలిసి తినే భోజనం. మాల కన్నమదాసు సేనాధిపతిగా ఉన్న కథ అది మరి.

గుండీలు లెక్కపెట్టే అమెరికా మిత్రుణ్ణి కారంపూడి తీసుకొస్తే తల పట్టుకుంటాడు. కొణతం మోసే మనిషి ఒంటి మీద టెర్లిన్ చొక్కా ఉండొచ్చు, చేతికి వాచీ ఉండొచ్చు, పక్కన మైకు మోగుతుండొచ్చు. పన్నెండో శతాబ్దపు నూలుపోగు ఒక్కటీ కనిపించదు. కానీ "సామాను ఎక్కడిది?" అని అడగండి. ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ వీరుడి పేరు మీద వచ్చింది, ఎవరి ఇంటివాళ్లు తరతరాలుగా మోస్తున్నారో చెబుతారు. దుకాణంలో కొన్నది కాదు, అద్దెకు తెచ్చింది కాదు. వేషం సున్నా, చరిత్ర నూటికి నూరు. ఆ కత్తి మన అసలు కత్తేనా, తర్వాత పోతపోసిందా అన్న వాదన ఎవరైనా చేసుకోవచ్చు. దాన్ని మోసే బాధ్యత మాత్రం అసలుదే.

ఇదంతా కువైట్‌లో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఎడారిలో ఆ ప్రశ్న ఇంకా పచ్చిగా ఉంది. మేముండే ఎగైలాకు కారులో కాసేపటి దూరంలోనే ఖురైన్ ఉంది. 1991 ఫిబ్రవరి 24న, విముక్తికి రెండు రోజుల ముందు, అక్కడి ఒక ఇంట్లో కువైటీ యువకుల దళం ఇరాక్ సైన్యాన్ని ఎదిరించింది. 12 మంది అమరులయ్యారు. ఆ ఇంటిని తూట్ల గోడలతో అలాగే నిలిపి మ్యూజియం చేశారు. అక్కడ ఎవరూ వేషం కట్టక్కర్లేదు. గోడే సాక్ష్యం చెబుతుంది. దానికి ఉత్తరాన, సరిహద్దు దాటాక, బస్రా దగ్గర మొదటి ప్రపంచ యుద్ధపు స్మారకం ఉంది. మెసపొటేమియాలో చనిపోయిన భారతీయ సిపాయిలు వేలమంది. అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకు మాత్రం దళం పేరు, దాని పక్కన ఒక అంకె. ఇలాంటి అసమానతకు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో క్షమాపణ చెప్పింది. పన్నెండంకెల సివిల్ ఐడీతో బతికే మనకు, మనిషి అంకెగా మిగలడమంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ సిపాయి బూటు, బెల్టు, చొక్కా ఇవాళ ఏ దేశపు హాబీదారుడైనా గుండీతో సహా పునఃసృష్టి చేయగలడు. ఆ చొక్కా తొడుక్కున్నవాడి పేరు మాత్రం ఆ రాతి మీద లేదు. చింతపల్లి స్టేషన్ రికార్డుకూ బస్రా రాతికీ మధ్య తేడా ఇదే. ఒకచోట సామాను లెక్కా ఉంది, సంతకమూ ఉంది. రెండోచోట లెక్క మాత్రమే ఉంది.

అందుకని మన సంఘాలకు నాదొక మనవి. పిల్లలకు వేషాలు మానిపించమని నేను అనను. ఊరి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో విల్లు పట్టదని, బొమ్మ తుపాకీకి ఎయిర్‌పోర్టులో జవాబు చెప్పుకోలేమని, మనమంతా అట్టముక్కలు కత్తిరించి రంగులేసి తిప్పలు పడేవాళ్లమే. అట్ట విల్లుతో నాకు పేచీ లేదు. ఆ విల్లు పక్కన ఒక అట్ట రికార్డు పుస్తకం కూడా పెట్టండి. అల్లూరి వేషం కట్టిన పిల్లవాడు పద్యం చదివే ముందు ఆ పుస్తకం తెరిచి, పదకొండు తుపాకులు, పదమూడు వందల తొంభై తూటాలు అని పైకి చదివి, సంతకం పెట్టాలి. పక్కన గంటం దొర, మల్లు దొర నిలబడాలి. వేషాలు ఇంకో ఇద్దరు పిల్లలకు దొరుకుతాయి, తల్లిదండ్రులూ సంతోషిస్తారు. ఆ తర్వాత ఇంటికి వెళ్తూ కారులో పిల్లవాడు, "నాన్నా, వాళ్ల తుపాకులు వాళ్ల దగ్గరే తీసుకుని మళ్లీ సంతకం ఎందుకు పెట్టారు?" అని తప్పక అడుగుతాడు. జవాబు సిద్ధం చేసుకుని ఉండండి.